తాబేలు దిష్టి తీసుకుపోయిందంట!

ఈ మధ్య మా హోసూరు తట్టు తెలుగిళ్ళలో ఒక మాట బాగా వాడుకలోకి వచ్చింది. ఇంట్లో పెంచుకుంటున్న చిన్న తాబేలు చచ్చిపోతే, "ఇంటి మీదికి రావాల్సింది అది తీసుకుపోయింది" అంటారు. పెళ్ళిళ్ళలో, తిథుల్లో, సంక్రాంతికి నలుగురూ కలిసినప్పుడు మేం ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. చెప్పేవాళ్ళ గొంతులో బాధ నిజంగానే ఉంటుంది. అయితే ఆ వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది: "ఇంకోటి తెప్పిస్తా ఉండాం." మొదటి మాట లేకపోతే ఈ రెండో మాట అంత సులువుగా నోటికి రాదని మా అభిప్రాయం. మేం రాయాలనుకున్నది దీని గురించే.

మా వంశం మాటలూ వంటలూ పాత దస్తావేజులూ రాసుకునే చోట తాబేలు రోగాలెందుకని కొందరికి అనిపించొచ్చు. చచ్చిన తాబేలు పిల్లకు దిష్టి పేరు పెట్టేవాళ్ళు అది మన పెద్దల ఆచారమని చెప్తా ఉండారు. పెద్దల పేరు ఎత్తినారు కాబట్టి, ఆ పెద్దల ఇంటివాళ్ళంగా మాకు తెలిసింది చెప్పక తప్పదు.

మా పెద్దలు దాన్ని తాబేలు అనేవాళ్ళు కారు, తామేలు అనేవాళ్ళు. చెరువులో ఉండేది నీళ్ళ తామేలు, చేలల్లో తిరిగేది మెట్ట తామేలు. నల్లటి డిప్ప మీద పసుప్పచ్చ గీతలు చుక్కలు విచ్చుకున్నట్టు ఉండేది ఈ మెట్ట తామేలే. ఇప్పుడు అందరూ నక్షత్ర తాబేలు అంటున్నది దీన్నే, శాస్త్రం పేరు జియోకెలోనే ఎలిగాన్స్. ఇటు తమిళనాడు, ఆంధ్ర, కర్ణాటకల్లోని మెట్ట చేలు, ముళ్ళ పొదలు, శ్రీలంక. అటు గుజరాత్, రాజస్థాన్, పాకిస్తాన్‌లోని సింధు ప్రాంతం దాని పుట్టిళ్ళు. అంటే అది మాకు పరాయి జంతువు కాదు, మాకన్నా ముందు నుంచి ఈ నేల మీద ఉన్నది. వానలు మొదలైనాక ఉలవ చేను గట్టున అగపడితే మా తాతవాళ్ళు మడక ఆపి, దాన్ని ఎత్తి పక్క పొదలో విడిచి, మళ్ళా దున్నుకునేవాళ్ళంట. ఇంటికి తెచ్చే పనే లేదు. ఎందుకు లేదంటే, తామేలు ఇంట్లోకి రావడం కీడని నమ్మేవాళ్ళు! తామేలు చొచ్చిన ఇల్లూ, అమీనా చొచ్చిన ఇల్లూ బాగుపడవని అరవంలో సామెత ఉంది. అమీనా అంటే కోర్టు నుంచి జప్తుకు వచ్చే బంట్రోతు. అరవం, కన్నడం, తెలుగు మూడూ ఒకే నడవలో వినిపించే ఇళ్ళు మావి, కాబట్టి ఆ సామెత మా అవ్వలకూ నోటికి వచ్చు.

ఆ సామెతకు తామేలు మీద ప్రేమేమీ లేదు. కానీ దాన్ని బయటే ఉంచింది, బతికి ఉంచింది. ఇప్పటి నమ్మకానికి దాని మీద బోలెడు ప్రేమ ఉంది, మూడు నెలల్లో చంపేస్తోంది. రెండూ మూఢనమ్మకాలే అనుకుంటే మేం పాతదానికే ఓటేస్తాం.

మరి తాబేలు ఇంట్లో ఉంటే లక్ష్మి అనే మాట ఎక్కడిది? మేం చూసినంతలో అది వాస్తు వస్తువుల అంగళ్ళతో పాటు వచ్చింది. మొదట ఇత్తడి తాబేలు, గాజు తాబేలు వచ్చాయి. తట్టలో నీళ్ళు పోసి, ఉత్తరం దిక్కున పెట్టుకున్నారు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. తర్వాత, బొమ్మకే ఇంత ఫలితముంటే ప్రాణమున్నదానికి ఎంత ఉంటుందో అని ఎవరికో తోచింది. కూర్మావతారం ఉండనే ఉంది, శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం గుడి ఉంది, ఆ గుడిలో నక్షత్ర తాబేళ్ళు ఉన్నాయి. ఇవన్నీ కలిపి వ్యాపారానికి ఒక శాస్త్రం తయారైంది. కొండను వీపున మోసిన దేవుడి పేరు చెప్పి, చెప్పుల అట్టపెట్టెలో మూడు రోజులు ప్రయాణం చేయించి తెచ్చిన పిల్లను అమ్ముతున్నారు.

ఇత్తడి తాబేలు అలవాటు ప్రాణమున్న తాబేలు మీద పెట్టినందుకే కొన్ని పిల్లలు మొదటి రోజే పోతున్నాయి. మెట్ట తాబేలుకు ఈత రాదు. లోతైన తట్టలోనో, చేపల తొట్టిలోనో వేస్తే మునిగి చస్తుంది. తాబేలంటే నీళ్ళలో ఉండేదని పిలకాయల పుస్తకాల్లో బొమ్మ చూసి నేర్చుకున్నవాళ్ళం కదా. అమ్మేవాడు కూడా రెండు రకాలనూ ఒకే బల్ల మీద పెట్టుకుంటాడు. చెవి దగ్గర ఎర్ర మచ్చ ఉండే పచ్చ తాబేలు అమెరికాది, నీళ్ళలో బతికేది. చుక్కలది నేల మీద బతికేది. దాన్ని నేల మీద ఎండబెట్టి, దీన్ని నీళ్ళలో ముంచి, రెంటినీ చంపిన ఇళ్ళు మా బంధువర్గంలోనే ఉన్నాయి.

ఇట్లా మొదటి రోజే పోయినవాటికి కారణం కనబడుతుంది, వాటికి ఎవరూ దిష్టి పేరు పెట్టరు. రెండు నెలలో, నాలుగు నెలలో బతికి, ఒక పొద్దున మెడ చాచి కదలకుండా పడి ఉండేవాటి విషయంలోనే ఆ మాట వస్తుంది. "నిన్నటిదాకా బాగానే ఉండిందప్పా, ఏమైందో తెలీలేదు" అంటారు.

నిన్నటిదాకా బాగాలేదు. అంతా ఇక్కడే ఉంది. కుక్కకో, కోడికో జబ్బు చేస్తే ఒకటి రెండు రోజుల్లో తెలిసిపోతుంది. తాబేలు ఒళ్ళు వేడిగా ఉండేది కాదు, దాని లోపల అన్నీ నిదానంగా నడుస్తాయి. తినడం నిదానం, అరగడం నిదానం, జబ్బు ముదరడం నిదానం, చావడం కూడా నిదానమే. దానికి అరుపు లేదు, మూలుగు లేదు. మొహం చూసి నొప్పి పోల్చుకోవడం మనవల్ల కాదు. ఒళ్ళు చిక్కినా డిప్ప చిక్కదు కదా, ఎముక డబ్బాలో ఉన్న జంతువు పైకి ఎప్పుడూ ఒకే తీరున అగపడుతుంది. కాబట్టి జబ్బు తగులుకున్న నెల ఒకటి, మనకు కనబడే నెల ఇంకొకటి. మధ్యలో నెలలు గడిచిపోతాయి గనుక కారణం మరుపున పడుతుంది. ఆ ఖాళీలోకే దిష్టి వచ్చి కూర్చుంటుంది.

ఎక్కువ పిల్లలను పొట్టన పెట్టుకునేది దాహం. ఎడారి జంతువు, నీళ్ళు అక్కర్లేదు అని అమ్మేవాళ్ళు చెప్తారు. పెద్ద తాబేలు విషయంలోనే అది సగం నిజం, పిల్ల విషయంలో పూర్తిగా తప్పు. ఈ పిల్లలు గుడ్డు పగులకొట్టుకుని బయటికొచ్చేది వానల రోజుల్లో. నేల మెత్తగా, గడ్డి మొదళ్ళు చెమ్మగా, గాలి తడిగా ఉండే కాలం అది. అప్పుడవి మూడు నాలుగు సెంటీమీటర్లకు మించి ఉండవు, అరచేతిలో రూపాయి బిళ్ళ పెట్టినట్టు ఉంటాయి. అంత చిన్న ఒంట్లో నీళ్ళు ఎన్ని ఉంటాయి? మనం దాన్ని తెచ్చి అట్టపెట్టెలో పాత పేపరు పరిచి, పైన అరవై వాట్ల బల్బు వేలాడదీస్తాం. పెట్టెలో గాలి పొడిబారుతుంది, ఊపిరి విడిచిన కొద్దీ పిల్లలో నుంచి నీళ్ళు పోతాయి. మూత్రంతో పోవాల్సిన ఉప్పులు తెల్లటి సుద్దలా గట్టిపడి మూత్రపిండాల్లో పేరుకుంటాయి. ఒకసారి అవి చెడిపోతే తర్వాత ఎంత నీళ్ళు పట్టినా తిరిగి రావు. పిల్ల కొంచెం తింటూనే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది, కానీ పెరగదు. ఆ తర్వాత ఒక రోజు పోతుంది. చచ్చిన రోజు ఇంట్లో నీళ్ళ గిన్నె నిండుగానే ఉండి ఉండొచ్చు. నష్టం జరిగింది రెండు మూడు నెలల ముందు, బహుశా ఆ ఇంటికి రాకముందే.

చేయాల్సింది చాలా చిన్న పని. వెడల్పాటి తట్టలో గోరువెచ్చటి నీళ్ళు పిల్ల గడ్డం దాటకుండా పోసి, రోజూ పదిహేను ఇరవై నిమిషాలు అందులో నిలబెట్టాలి, పక్కనే మనిషి ఉండాలి. తాగుతుంది, మూత్రం పోస్తుంది. పెట్టెలో పేపరు తీసేసి, చెమ్మ నిలిచే మట్టి, కొబ్బరి పీచు పొట్టు వేయాలి, ఒక మూల తడిగా ఉండే గూడు పెట్టాలి. కొబ్బరి పీచు పొట్టు దొరకదని మా తట్టు ఎవరూ అనలేరు.

పెంచిన తాబేళ్ళ డిప్పలు గుట్టలు గుట్టలుగా లేవడం చాలామంది చూసి ఉంటారు. నక్షత్ర తాబేలుకు అడవిలో కూడా కొంచెం ఎత్తులుంటాయి, అది వేరు. పెంపుడు పిల్లలకు వచ్చేది మరీ వికారంగా ఉంటుంది. పప్పు ధాన్యాలు ఎక్కువ పెడితే అట్లా వస్తుందని చాలాకాలం నమ్మినారు. 2003లో ఆస్ట్రియా పరిశోధకులు ఆఫ్రికా తాబేలు పిల్లలను వేరువేరు తేమలో, వేరువేరు మేతతో పెంచి చూసినారు. పొడి గాలిలో పెరిగినవాటికే గుట్టలు ఎక్కువ లేచాయి, మేతలో మాంసకృత్తుల తేడా చూపిన ప్రభావం కొంచెమే. ఇక్కడ కూడా మూలం నీళ్ళే అన్నమాట.

రెండోది ఎండ. ఎముకకూ డిప్పకూ సున్నపు సత్తువ కావాలి, అది ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి, దానికి ఎండలోని యూవీబీ కిరణాలు కావాలి. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. "మా తాబేలు పొద్దంతా కిటికీ దగ్గర ఎండలోనే ఉంటుంది" అనేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. వెచ్చదనం తగులుతుంది, పనికొచ్చేది మాత్రం అద్దం అవతలే నిలిచిపోతుంది. మామూలు బల్బులో కూడా అది ఉండదు. డిప్ప వేలితో నొక్కితే అట్టలా వంగుతుంది, కాళ్ళు వంకర్లు పోతాయి, దవడ మెత్తబడి నమలలేదు, తినడం మానేస్తుంది. అప్పుడు ఇంటివాళ్ళు "తినడం లేదు" అని మెత్తటి ఇడ్లీ పెడతారు.

మేత సంగతికి వస్తే మా వాళ్ళ ప్రేమంతా అక్కడే బయటపడుతుంది. పెరుగన్నం, బొరుగులు, రొట్టె, పాలలో నానబెట్టిన బిస్కెట్టు, కీరదోసకాయ ముక్కలు, టమాటా. పాలు అరిగించుకునే శక్తి దాని కడుపుకు లేదు. కీరలో నీళ్ళు తప్ప సత్తువ లేదు. పాలకూర మంచిదనుకుని రోజూ అదే పెడతారు, కానీ అందులోని ఆమ్లం సున్నాన్ని పట్టేసుకుని ఒంటికి చేరనివ్వదు. మేతలో భాస్వరం కంటే కాల్షియం రెండింతలైనా ఉండాలంటారు. మా ఇళ్ళ చుట్టూ ఊరికే మొలిచేవాటిలో గరిక, మునగాకు, మందారం ఆకూ పువ్వూ, ముళ్ళు తీసిన నాగజెముడు దానికి పనికొస్తాయి. డబ్బు పెట్టి కొన్నవాటికన్నా పెరట్లో దొరికేవే మేలు.

హోసూరు చలి గురించి చెప్పనక్కర్లేదు. కార్తీకం నుంచి రాత్రిళ్ళు దుప్పటి లేకుండా గడవదు. అదే చలిలో చేలల్లో మెట్ట తామేళ్ళు బతకడం లేదా అంటారు. బతుకుతాయి, కానీ అవి గడ్డి మొదట్లో, మట్టిలో ఒదిగి, పొద్దెక్కినాక ఎండ కాచుకుంటాయి. గచ్చు నేల మీద, టైల్స్ మీద ఆ వసతి లేదు. ఒళ్ళు చల్లబడితే కడుపులో మేత అరగక పులుస్తుంది, ఊపిరితిత్తులకు జబ్బు పట్టుకుంటుంది. ముక్కు నుంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం కనబడిందంటే అప్పటికే ముదిరిందని అర్థం. మనకున్నట్టు కడుపుకూ రొమ్ముకూ మధ్య పొర దానికి లేదు, కాబట్టి దగ్గి కఫం బయటికి నెట్టలేదు. దానికి ఎండ కాచుకునే ఒక మూల 32 నుంచి 35 డిగ్రీల దాకా వెచ్చగా, ఇంకో మూల చల్లగా ఉండాలి. ఎక్కడుండాలో అదే చూసుకుంటుంది.

ఇంకొకటి చాలా గట్టిగా చెప్పాలి. మా తట్టు ఇళ్ళలో పశువులకూ కుక్కలకూ పేలకూ పురుగులకూ వేసే ఐవర్‌మెక్టిన్ మందు ఉంటుంది. తాబేలుకు పురుగులున్నాయేమో అని ఆ మందు ఒక్క చుక్క వేసినా అది చావొచ్చు, తాబేలు జాతికి అది విషం. మత్తిగిరిలో బ్రిటిషువాళ్ళ కాలం నుంచి పశువుల ఫారం ఉన్న చోటు మాది. ఆవు పొదుగు చూసి జబ్బు చెప్పగల అవ్వలు ఇప్పటికీ ఉన్నారు. ఆ తెలివిని గౌరవిస్తాం. కానీ ఆవుకు మంచిదైన మందు తాబేలుకు మంచిది కాదు. అట్లాగే డిప్ప మీద నూనె రుద్దడం, పసుపు కుంకుమ పెట్టడం, రంగులు వేయడం కూడా. డిప్ప పెట్టె కాదు, అది దాని ఒళ్ళే. నరాలూ రక్తమూ ఉన్న ఎముక.

ఇదంతా చదివి, "సరే, ఇవన్నీ సరిగ్గా చేస్తే పెంచుకోవచ్చు కదా" అని ఎవరైనా అనుకుంటారేమో. నక్షత్ర తాబేలు విషయంలో మా జవాబు వద్దనే. ముందుగా, అది నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది. 2022లో చేసిన సవరణతో, 2023 ఏప్రిల్ నుంచి, అది పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉంది. శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, 25,000కు తగ్గని జరిమానా. 2019లో జెనీవా సమావేశంలో అంతర్జాతీయ వ్యాపారానికి కూడా తలుపులు మూసేశారు. "మా ఊళ్ళో అందరిళ్ళలోనూ ఉండాది" అనేది కోర్టులో జవాబు కాదు.

చట్టాన్ని పక్కన పెట్టినా ఇంకో కారణం ఉంది, మాకు అదే పెద్దది. మన చేతికి వచ్చే పిల్ల ఏ ఫారంలోనూ పుట్టింది కాదు, ఏ గట్టు మీదనో ఏరుకొచ్చింది. 2015లో వచ్చిన ఒక పరిశోధన దేశంలోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుంచి ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు పోతున్నాయని లెక్కగట్టింది. గోనెసంచుల్లో, మేజోళ్ళలో, టేపు చుట్టి, సూట్‌కేసుల్లో పెట్టి తీసుకుపోతారు, విమానాశ్రయాల్లో పట్టుబడినప్పుడు ఫోటోలు చూస్తూనే ఉంటాం. రోజుల తరబడి నీళ్ళు లేవు, మేత లేదు, ఒకదాని మీద ఒకటి, ఒకదాని జబ్బు ఇంకోదానికి. దాహంతో మూత్రపిండాలు చెడే కథ పైన చెప్పినాం కదా, అది ఈ సంచుల్లోనే మొదలవుతుంది. అంగట్లో అది కళ్ళు తెరిచి, కాళ్ళు ఆడిస్తూ ఉంటుంది. కొన్నవాళ్ళు ఎంత జాగ్రత్తగా చూసుకున్నా పోతుంది. తమ చేతిలో పోయింది కాబట్టి తమ ఇంటి దిష్టి అనుకుంటారు. ఆ చావు మొదలైంది వేరే చోట, దానికి డబ్బులిచ్చింది మాత్రం ఈ ఇల్లే.

మా బంధువుల్లో ఒక పెద్దాయన మాతో వాదించినారు. "బయట ఉంటే ముంగిసో ఉడుమో కాకో తింటుంది, ఇంట్లో నాలుగు నెలలన్నా సుఖంగా బతికింది కదా" అన్నారు. తీసిపారేసే మాట కాదు. అడవిలో పిల్లలు ఎక్కువ భాగం పెద్దవి కావన్నది నిజమే. కానీ ఆ లెక్కను ప్రకృతి ముందే వేసుకుంది. ఈ జంతువు దశాబ్దాల పాటు బతుకుతుంది, ఏటేటా కాసిని గుడ్లు పెడుతుంది, వాటిలో ఏదో ఒకటి మిగిలితే చాలు. ముంగిస తిన్న పిల్లతో ముంగిస బతుకుతుంది, గట్టున పెద్ద తామేలు మిగిలే ఉంటుంది. మనుషులు ఏరుకుపోయేటప్పుడు పెద్దదీ పోతుంది, పిల్లా పోతుంది, గట్టు ఖాళీ అవుతుంది. మా చేలల్లో ఉలవలు ఇప్పటికీ వేస్తున్నాం. మా తరంలో ఆ గట్ల మీద తామేలును చూసినవాళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే.

పోయిన ఏడు ఒక ఇంట్లో ఇట్లాగే పిల్ల పోయింది. ఎనిమిదేళ్ళ పిల్లాడు, దాన్ని వాడే చూసుకునేవాడు. ఎందుకు చచ్చిపోయిందని అడిగితే పెద్దవాళ్ళు అలవాటైన మాటే చెప్పినారు. వాడు కొంచెంసేపు ఆగి, "ఎవరికి రావాల్సింది? నాకా?" అని అడిగినాడు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఓదార్పు కోసం చెప్పిన మాట ఎనిమిదేళ్ళ బిడ్డ నెత్తిన ఎంత బరువు పెట్టిందో చూడండి. తన బదులు ఒక ప్రాణం పోయిందని వాడు ఎన్నేళ్ళు మోయాలి? నీళ్ళు చాలక పోయిందిరా, సంచిలో తెచ్చేటప్పుడే దానికి జబ్బు చేసిందిరా అని చెప్పుంటే ఏడ్చేవాడు, కోపం తెచ్చుకునేవాడు, బహుశా ఇంకోటి కొనొద్దని వాడే అనేవాడు. బిడ్డలకు కారణం చెప్తే అర్థమవుతుంది.

ఇప్పటికే ఇంట్లో నక్షత్ర తాబేలు ఉన్నవాళ్ళు దాన్ని అటవీశాఖకు అప్పగించడమే దారి. ఎవరైనా తెలిసిన వకీలుతో ఒక మాట మాట్లాడుకుని వెళ్ళండి. దొంగచాటుగా చేలోనో గుడి కోనేట్లోనో వదలకండి. కోనేట్లో మునిగిపోతుంది. చేలో వదిలితే ఇంట్లో తగులుకున్న జబ్బు అక్కడున్నవాటికి అంటుతుంది. పైగా అది ఈ చోటిదో, గుజరాత్ వైపుదో కళ్ళతో చూసి చెప్పలేం. పట్టుబడి తిరిగి వచ్చిన నక్షత్ర తాబేళ్ళు ఎక్కడివో తేల్చడానికి హైదరాబాదు సీసీఎంబీ వాళ్ళు డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది, 2006లో ఆ వివరాలు ప్రచురించారు. విదేశీ జాతుల తాబేళ్ళున్నవాళ్ళు 2024లో వచ్చిన నియమాల ప్రకారం పరివేశ్ పోర్టల్లో నమోదు చేయాల్సి ఉందేమో కనుక్కోవాలి. ఎర్రచెవి నీటి తాబేలును చెరువులో వదలడం కూడా తప్పే, అది మన నీళ్ళ తామేళ్ళ మేతనూ చోటునూ కాజేస్తుంది. ఏ తాబేలును ముట్టుకున్నా బిడ్డల చేతులు సబ్బుతో కడిగించండి, వాటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది. ఆ కారణంగానే అమెరికాలో 1975 నుంచి నాలుగంగుళాల కంటే చిన్న తాబేళ్ళ అమ్మకం నిషేధం.

చట్టం ఒప్పుకునే తాబేలునే పెంచుతున్నవాళ్ళు ఒక చిన్న కాటా కొనండి, గ్రాముల్లో తూగేది. వారానికోసారి తూచి, తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. డిప్ప దాచిన సంగతి తూకం చెప్పేస్తుంది. రెండు మూడు వారాలు బరువు పెరగకపోయినా, తగ్గినా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే, తినడం మానేదాకా ఆగొద్దు.

అంత చేసినా పోతే, తులసి కోట పక్కన పూడ్చకముందు ఒక పని చేయండి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో మామూలు అరలో పెట్టండి, గడ్డకట్టే అరలో పెడితే లోపలి కణజాలాలు చెడి పరీక్షకు పనికిరావు. మరుసటి రోజులోగా ఏదైనా వెటర్నరీ కాలేజీకి తీసుకుపోయి కోసి చూడమని అడగండి. మాకు బెంగళూరు హెబ్బాళం దగ్గర, ఇటు నామక్కల్. ముందు ఫోన్ చేసి పోవడం మేలు. "చచ్చిన తాబేలుకు ఇంత ప్రయాణమా" అని ఇంట్లో నవ్వుతారు, నవ్వనీయండి. మూత్రపిండాల్లో తెల్ల సుద్ద ఉందని కాగితం మీద రాసి ఇచ్చిన ఇంట్లో ఆ తర్వాత దిష్టి మాట వినబడలేదు. ఇంకోటి తెప్పించే మాటా వినబడలేదు.

మీ ఇంటి పెద్దలు మెట్ట తామేలు గురించి ఏం చెప్పేవాళ్ళో, దాన్ని ఏ పేరుతో పిలిచేవాళ్ళో, చివరిసారి ఏ ఏడు చూసినారో రాసి పంపండి. పేర్నంబట్టు, గుడియాత్తం, కుప్పం, ముళబాగిలు వైపు తెలుగిళ్ళలో వేరే మాటలు ఉండొచ్చు, వాటిని ఇక్కడ చేర్చుకుంటాం. ఏ చేను, ఏ గుట్ట అనేది మాత్రం రాయకండి. ఏరుకుపోయేవాళ్ళు కూడా చదువుతారు.